బొనైర్‌లో ఒక సెమిస్టర్: సముద్ర జీవావరణం చదువులో కలిసి బతకడం కూడా పాఠ్యాంశమా?

ఎడిసన్_నివాసి
మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం మూడో సంవత్సరం చదువుతోంది. ఆగస్టు చివరి నుంచి డిసెంబరు రెండో వారం వరకు కరీబియన్ సముద్రంలోని బొనైర్ ద్వీపంలో ఉండి సముద్ర జీవావరణ శాస్త్రం చదువుతానని అడుగుతోంది. ఆ ద్వీపం వెనెజువెలా తీరానికి ఉత్తరంగా దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉందనీ, 2010 అక్టోబరు నుంచి నెదర్లాండ్స్‌లో ప్రత్యేక మునిసిపాలిటీగా ఉందనీ చదివి తెలుసుకున్నాను. పాఠ్యప్రణాళిక కూడా చూశాను. పగడపు దిబ్బల జీవావరణం, శాస్త్రీయ డైవింగ్, స్వతంత్ర పరిశోధన అన్న మూడు అంశాలూ అర్థమయ్యాయి. నాలుగోది ‘కమ్యూనిటీ బిల్డింగ్’ అని ఉంది. దాని కింద వంటలో వంతులు, ఇంటి ఒప్పందం రాసుకోవడం, ప్రతి ఆదివారం సాయంత్రం అందరూ కూర్చొని మాట్లాడుకోవడం, ద్వీపంలోని బడిపిల్లలకు సముద్రం చూపించడం వంటివి రాశారు. వాటికి మార్కులు కూడా ఉన్నాయి. ఇంత ఫీజు కట్టి పంపేది చదువుకోవడానికా, పదిమందితో సర్దుకుపోవడం నేర్చుకోవడానికా అన్నది నా సందేహం. సర్దుకుపోవడం ఇంట్లోనే నేర్పామని అనుకుంటున్నాను. పైగా ఇది రోజూ నీళ్ళలో దిగే చదువు కనుక వాళ్ళ అమ్మకు నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవారు ఉన్నదున్నట్టు చెప్పండి.

నీలిపగడం
నేను 2023 ఆగస్టు నుంచి డిసెంబరు వరకు బొనైర్‌లో ఇలాంటి సెమిస్టరే చదివాను. మీకు అర్థం కాని ఆ నాలుగో అంశం లేకపోతే మొదటి మూడూ నిలబడవని నేను నమ్ముతున్నాను. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను.

దిబ్బ మీద చేపలను లెక్కించేటప్పుడు 30 మీటర్ల టేపును పరుచుకుంటూ నెమ్మదిగా ఈదాలి. రెండు మీటర్ల వెడల్పులో కనిపించిన చేపలన్నింటినీ జాతి, పొడవు వారీగా నీటిలో రాయడానికి పనికొచ్చే పలక మీద రాసుకోవాలి. మొదటి వారాల్లో ఇద్దరేసి ఒకే టేపు మీద ఈది, పైకి వచ్చాక లెక్కలు పోల్చుకోవాలి. ఇద్దరి లెక్కలూ దగ్గరికి వచ్చేవరకు ఆ అంకెలు పరిశోధనకు పనికిరావు. ఒక రోజు నాకు 31 పారట్‌ఫిష్ (చిలుకచేపలు) వచ్చాయి, నీళ్ళలో నాతో జతగా దిగే నా బడ్డీకి 19 వచ్చాయి. ఆమె నాకంటే బాగా ఈదుతుంది, నాకంటే ఎక్కువ సార్లు డైవ్ చేసింది. అందుచేత నేనే తప్పు లెక్కించి ఉంటానని అనుకొని, మరునాటి నుంచి నా అంకెలను ఆమె అంకెల వైపు జరుపుతూ వచ్చాను. ఆమెతో ఆ మాట అనలేదు. అమెరికాలో పుట్టినా, పెద్దవాళ్ళ ముందు, తెలిసినవాళ్ళ ముందు ఎదురు చెప్పకూడదన్న పెంపకం నాది.

వారం తర్వాత మా లెక్కలు అంత చక్కగా కుదరడం చూసి మా అధ్యాపకురాలికే అనుమానం వచ్చింది. ఆ రాత్రి గిన్నెలు కడిగే వంతు మా ఇద్దరిది. అప్పుడు ధైర్యం చేసి అడిగితే అసలు విషయం బయటపడింది. ఆమె తన ముందు ఉన్న చేపలనే లెక్కిస్తోంది, నేను వెనక నుంచి వచ్చి టేపు దాటిన చేపలను కూడా కలుపుతున్నాను. నిజంగా పద్ధతి తప్పింది నేనే. కానీ ఆ వారం అంకెలు పారేయవలసి వచ్చింది ఆ తప్పు వల్ల కాదు, దాన్ని నేను దాచడం వల్ల. వంటగదిలో మాట కలవని ఇద్దరు నీళ్ళలో దిగితే వాళ్ళ పలకల మీద అబద్ధం చేరుతుంది.

గోదారి_గట్టు
మీ అనుభవం కళ్ళకు కట్టినట్టుంది. అయినా మార్కుల సంగతి నాకు మింగుడు పడలేదు. స్నేహానికి మార్కులు వేస్తే పిల్లలు స్నేహంగా ఉన్నట్టు కనిపించడం నేర్చుకుంటారు. మీరు అంకెలను జరిపినట్టే మనసునూ జరుపుతారు.

నీలిపగడం
గోదారి_గట్టు గారు చెప్పిన ప్రమాదం నిజమైనదే. మా బృందంలో మార్కులు స్నేహానికి వేయలేదు. మేము రాసుకున్న ఇంటి ఒప్పందాన్ని నెలకొకసారి తిరిగి చూసి ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు అన్నది రాయడానికి, బడిపిల్లల పాఠాన్ని సిద్ధం చేయడానికి వేశారు. మీ అమ్మాయి వెళ్ళే చోట ఎలా వేస్తారో ముందుగా అడగమనండి.

భీమిలి_తీరం
నేను ముప్పై ఏళ్ళకు పైగా విశాఖపట్నంలో సముద్ర జీవశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిని. నీలిపగడం గారి నిజాయితీని మెచ్చుకుంటూనే ఒక సవరణ చెప్పాలి. ఇద్దరి లెక్క కలిసినంత మాత్రాన అది సరైన లెక్క కాదు. ఇద్దరూ ఒకే తప్పు చేసినా లెక్కలు కలుస్తాయి. ముసుగు అద్దం గుండా చూసినప్పుడు నీళ్ళలోని వస్తువు అసలు పరిమాణం కంటే మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది, కనుక కొత్తవారందరూ చేపల పొడవును ఒకే దిశలో ఎక్కువగా అంచనా వేస్తారు. అందుకే పొడవు ముందే తెలిసిన చెక్క చేపల్ని తాడుకు కట్టి నీళ్ళలో వేలాడదీసి, వాటి మీద కన్నును సాధన చేయించే పద్ధతి ఉంది. కొలబద్ద ఎప్పుడూ మనుషుల బయట ఉండాలి. కలిసి ఉండటం మంచిదే, కానీ అది కొలబద్దకు బదులు కాదు.

రెండో మాట కూడా చెబుతాను. పగడాలు చూడాలంటే మన దేశంలో లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ ఉన్నాయి. మడ అడవులకు కోరింగ ఉంది. ఇవన్నీ వదిలి మన పిల్లలు కరీబియన్‌లో నేర్చుకోవలసిన అవసరం ఏమిటో ఎవరైనా చెబితే వింటాను.

నీలిపగడం
చెక్క చేపల సాధన మాకూ చేయించారు సర్. నేను 22 సెంటీమీటర్లని రాసినవి 16 సెంటీమీటర్లని తేలాయి. కొలబద్ద బయట ఉండాలన్న మాట ఒప్పుకుంటున్నాను. అయితే ఆ కొలబద్దతో పోల్చినప్పుడు నా అంకె తప్పని అందరి ముందు ఒప్పుకోగలగడానికి కూడా నమ్మకం ఉన్న మనుషులు చుట్టూ ఉండాలి కదా.

బొనైరే ఎందుకన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇది. అక్కడ తీరం నుంచే నడుచుకుంటూ దిగితే కొద్ది నిమిషాల్లో దిబ్బ అంచుకు చేరతాము. డైవ్ చేసే చోట్ల పేర్లు రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్ళ మీద రాసి ఉంటాయి. పడవ అక్కరలేదు కనుక ఒకే చోటును సెమిస్టరంతా వారం వారం చూడవచ్చు. సముద్రం చదివేవాళ్ళకు అది చాలా పెద్ద సౌకర్యం. ఇక ద్వీపం చుట్టూ తీరం నుంచి 60 మీటర్ల లోతు వరకు ఉన్న నీరంతా 1979 నుంచి సముద్ర ఉద్యానవనం. అంతకు ముందే, 1971లో, ఈటెతో చేపలు పొడవడాన్ని నిషేధించారు. ఒక చిన్న ద్వీపంలోని జనం యాభై ఏళ్ళుగా తమ సముద్రం విషయంలో తీసుకున్న నిర్ణయాలు ఏ ఫలితం ఇచ్చాయో కంటితో చూడగలిగే చోటు అది.

సరస్వతి_డాలస్
మా అబ్బాయి వేరే సంవత్సరంలో అదే ద్వీపానికి వెళ్ళి వచ్చాడు. తల్లిగా నాకు పనికొచ్చిన నాలుగు మాటలు చెబుతాను, ముఖ్యంగా నిద్ర పట్టని ఆ తల్లి కోసం.

ద్వీపంలోని ఆసుపత్రిలో, లోతు నుంచి పైకి వచ్చాక ఒంట్లో నత్రజని బుడగలు చేరిన డైవర్లకు చికిత్స చేసే పీడన గది ఉంది. డైవింగ్ ప్రమాదాలకు విడిగా బీమా తప్పకుండా తీసుకోండి, మామూలు ఆరోగ్య బీమా దానికి సరిపోతుందని అనుకోవద్దు. వరుసగా డైవ్‌లు చేసినవారు ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు కనుక తిరుగు టికెట్టు కొనేటప్పుడు ఆ లెక్క చూసుకోవాలి. మేము మొదట అది చూడకుండా కొని మార్చుకున్నాము.

భయపడవలసినది నీళ్ళ గురించి కాదని నాకు మూడో వారంలో తెలిసింది. వాడు ఫోనులో ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. వాడు శాకాహారి. అందరూ కలిసి చేసుకునే భోజనంలో వాడికి అన్నం, బీన్స్ తప్ప మరేమీ మిగలడం లేదు. అడగడానికి మొహమాటం. వాడికి కోపం వచ్చింది తిండి మీద కాదు, తన ఆకలి ఎవరికీ కనిపించకపోవడం మీద. ఆదివారం కూర్చున్నప్పుడు చివరికి ఆ మాట చెప్పాడట. ఆ తర్వాత బుధవారం వంట వాడి చేతికి వచ్చింది. ఆ ద్వీపంలో బెండకాయతో చిక్కని పులుసు చేస్తారు, దాన్ని ‘గియాంబో’ అంటారు. చేపలు వేస్తారు కనుక వాడు తినలేడు, కానీ బెండకాయ దొరుకుతుందని తెలిసింది. చింతపండు కూడా దొరికింది. మా అత్తగారి బెండకాయ పులుసు ఫోనులో చెప్పించుకొని పద్నాలుగు మందికి వండి పెట్టాడు. వాడు ఇంటికి వచ్చాక పగడాల కంటే ముందు ఆ బుధవారం గురించే చెప్పాడు.

ఎడిసన్_నివాసి
సరస్వతి గారూ, ఈ 18 గంటల సంగతి నాకు తెలియదు. మా టికెట్టు ఇంకా కొనలేదు. మీరు చెప్పిన మొహమాటం మా అమ్మాయికి కూడా ఉంది.

ఉప్పాడ_వాసి
అందరూ బృందం లోపలి కలయిక గురించే మాట్లాడుతున్నారు. నేను గట్టు మీద నిలబడి చూసేవాళ్ళ తరఫున మాట్లాడతాను. మాది ఉప్పాడ దగ్గర చేపల వేట చేసే కుటుంబం. సముద్రం మా ఊరిని ఏటేటా కోసుకుపోతూనే ఉంది. నా చిన్నప్పటి నుంచి కోత గురించి, చేపల గురించి, తాబేళ్ళ గురించి అడగడానికి ఎందరో విద్యార్థులు కాగితాలు పట్టుకొని వచ్చారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండే 61 రోజులూ మగవాళ్ళు ఇళ్ళ దగ్గరే ఉంటారు కనుక ఆ రోజుల్లో ఎక్కువగా వస్తారు. మా నాన్న ఒకే ప్రశ్నకు ఎన్నిసార్లు జవాబు చెప్పాడో లెక్కలేదు. ఆ కాగితాల్లో ఏమి తేలిందో ఒక్కరూ తిరిగి వచ్చి చెప్పలేదు.

బొనైర్‌లో ప్రతి సెమిస్టరుకూ కొత్త బృందం దిగుతుంది. మూడున్నర నెలల్లో వెళ్ళిపోతుంది. ద్వీపంలో పుట్టిన మనిషి దృష్టిలో దాన్ని కలిసి బతకడం అంటారా? మీరు మీలో మీరు ఒక ఊరు కట్టుకున్నారు. ఆ ద్వీపం ఊరిలో చేరారా?

నీలిపగడం
ఈ ప్రశ్న నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను.

పూర్తిగా చేరలేదు. మూడున్నర నెలల్లో ఎవరూ ఒక ఊరికి చెందరు. మొదటి నెలంతా మేము ఇల్లు, తరగతి, సముద్రం తప్ప మరో చోటుకు వెళ్ళలేదు. పలకరింపుకు ‘బొన్ దియా’, కృతజ్ఞతకు ‘మాషా దంకి’ అన్న రెండు పాపియామెంటు (ద్వీపవాసుల భాష) మాటలతో నెల గడిపేశాము. దుకాణంలో అమ్మగారితో ఇంగ్లీషులోనే మాట్లాడేవాళ్ళం. ఆమెకు పాపియామెంటు, డచ్, స్పానిష్, ఇంగ్లీషు నాలుగూ వచ్చు, మాకు ఒకటే వచ్చు.

మార్పు ఒక పాఠం దగ్గర మొదలైంది. దక్షిణ తీరంలో ఉప్పు మడుల పక్కన చిన్న రాతి గుడిసెలు ఉన్నాయి. 1850 ప్రాంతంలో ఉప్పు మోసే బానిసల కోసం కట్టినవి. మనిషి నిటారుగా నిలబడలేనంత ఎత్తు. నెదర్లాండ్స్ తన కరీబియన్ వలసల్లో బానిసత్వాన్ని 1863లో రద్దు చేసింది. మేము వాటి ముందు నుంచి ఎన్నోసార్లు గాలి సిలిండర్లు వేసుకొని నీళ్ళలోకి నడిచాము. పక్కనే ఉన్న గుడిసెను ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. మాకు పాఠం చెప్పడానికి వచ్చిన రింకోన్ గ్రామపు పెద్దావిడ, తన ముత్తాతలు ఆ మడుల నుంచి ఇంటికి గంటల తరబడి నడిచి వెళ్ళేవారని చెప్పి, ‘మీరు దిగే నీరు మా వాళ్ళ చెమట పక్కనే ఉంది’ అని ఊరుకుంది. ఆ రోజు నుంచి మేము ప్రతి శనివారం రింకోన్ వెళ్ళడం మొదలుపెట్టాము, పాఠం కోసం కాదు.

మేము తేల్చినదాన్ని చివరి వారంలో ఊరివాళ్ళ ముందు చెప్పాము. నలభై మంది వరకు వచ్చారు. ఒక ముసలి జాలరి లేచి, నేను చిలుకచేపలు పెరిగాయని చెప్పిన చోట అవి ఎప్పుడూ ఎక్కువగానే ఉండేవనీ, నేను లెక్కించిన వేళ తప్పనీ చెప్పాడు. నా నివేదికలో ఆయన మాటను చేర్చాను. మీ నాన్నగారికి జరిగినది మా వల్ల మరొకరికి జరగలేదని మాత్రం నేను ప్రమాణం చేసి చెప్పలేను.

ఉప్పాడ_వాసి
ఆయన మాటను నివేదికలో చేర్చారని విన్నాక నా కోపం సగం తగ్గింది. ఆ నివేదిక ఆయన చేతికి వెళ్ళిందా?

నీలిపగడం
వెళ్ళలేదు. అది ఇంగ్లీషులో ఉంది, నేను పాపియామెంటులో రాయించలేదు. చేయవలసింది. ఈ వారమే మా అధ్యాపకురాలికి రాస్తున్నాను.

మన్నార్_డైవర్
నేను విశాఖలో పుట్టి తమిళ తీరంలో డైవింగ్ నేర్పుతున్నాను. ఉప్పాడ_వాసి గారి ప్రశ్నకు ఇంకో పక్క కూడా ఉంది. పగడపు దిబ్బను కాపాడేది శాస్త్రవేత్తలు ఒక్కరే కాదు, చేపలు పట్టడం మానుకున్నవాళ్ళు కూడా. 1983-84లో కరీబియన్ అంతటా పొడవాటి నల్ల ముళ్ళుండే సీ అర్చిన్ అనే బంతి లాంటి జీవి తెగులుతో దాదాపు పూర్తిగా చచ్చిపోయింది. దిబ్బ మీద నాచును మేసేది అదే. అది పోయాక నాచు పెరిగి పిల్ల పగడాలకు చోటు లేకుండా చేసింది. మిగిలిన మేత జీవి పారట్‌ఫిష్. బొనైర్‌లో 2010లో పారట్‌ఫిష్ పట్టడాన్ని నిషేధించి, చేపలను పట్టే బోనులను క్రమంగా తీసేయాలని నిర్ణయించారు. ఆ నిర్ణయం వల్ల ఎవరి కూర కుండ ఖాళీ అయిందో ఆలోచించండి. వాళ్ళ పేర్లు ఏ పరిశోధన పత్రంలోనూ ఉండవు. విద్యార్థి లెక్కించే ప్రతి చేప వెనక ఒక జాలరి వదులుకున్న చేప ఉంది.

లయన్‌ఫిష్ కథ కూడా అటువంటిదే. అది మన హిందూ మహాసముద్రంలో, పసిఫిక్‌లో పుట్టు చేప, ఇక్కడ దానికి శత్రువులూ పోటీదారులూ ఉన్నారు. అట్లాంటిక్‌లో లేరు. బొనైర్‌లో 2009లో కనిపించింది. చిన్న చేపలను విపరీతంగా తినే దాన్ని అదుపు చేయడానికి, ఈటెను నిషేధించిన ఆ ద్వీపమే శిక్షణ పొందిన స్వచ్ఛంద డైవర్లకు దానికోసం మాత్రమే ప్రత్యేక పరికరం వాడటానికి అనుమతి ఇచ్చింది. హోటళ్ళు ఆ చేపను వండి పెట్టడం మొదలుపెట్టాయి. నేను కమ్యూనిటీ అన్న మాటను ఆ అర్థంలోనే వాడతాను.

భీమిలి_తీరం
మన్నార్_డైవర్ చెప్పినదాంట్లో చివరి వాక్యంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. బొనైర్ ఎందుకన్న నా ప్రశ్నకు కూడా నీలిపగడం గారి జవాబు సగం సరిపోయింది. మిగిలిన సగం ఇంకా అలాగే ఉంది, ఎందుకంటే ఆ అవకాశం డబ్బున్న పిల్లలకే దొరుకుతుంది.

రెండో_ఏడు_జువాలజీ
ఆ మిగిలిన సగం నాదే సర్. నేను శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ చదువుతున్నాను. ఇక్కడ అందరూ చెప్పుకుంటున్న టేపు, పలక, సిలిండరు నేను ఫొటోల్లో తప్ప చూడలేదు. మా ఊరి నుంచి సముద్రం నాలుగు కిలోమీటర్లు. నాకు ఈత వచ్చు. నేను ఏమి చేయగలను?

భీమిలి_తీరం
నాయనా, నీకు సిలిండరు అక్కరలేదు. పాటు సమయంలో బయటపడే రాతి తీరం ఒకటి చూసుకో. ఒక్కో వైపు అర మీటరు ఉండే చదరపు చట్రాన్ని ప్లాస్టిక్ గొట్టాలతో నువ్వే తయారు చేసుకోవచ్చు. నీటి అంచు నుంచి పైకి ఒక తాడు పరిచి, రెండేసి మీటర్లకు ఒకసారి ఆ చట్రాన్ని ఉంచి, లోపల ఉన్న బార్నకిల్స్ (రాళ్ళకు అంటుకొని ఉండే గట్టి పెంకు జీవులు), ఆల్చిప్పలు, నత్తలు, నాచు ఎంతెంత ఉన్నాయో రాసుకో. అమావాస్యకూ పౌర్ణమికీ పాటు ఎక్కువ దూరం పోతుంది కనుక ఆ రోజుల్లో వెళ్ళు. నెలకు రెండుసార్లు చొప్పున ఏడాది చేస్తే నీ చేతిలో ఉన్నది నిజమైన పరిశోధన అవుతుంది. ఒంటరిగా వెళ్ళవద్దు, అలలకు వీపు చూపవద్దు. ఇంకొకడిని వెంట తీసుకువెళ్ళి ఇద్దరూ విడివిడిగా లెక్కించి పోల్చండి. నీలిపగడం గారు చేసిన తప్పు మాత్రం చేయవద్దు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మీ తీరంలో గుడ్లు పెడతాయి. వాటి గుడ్లను కాపాడే కేంద్రాల్లో రాత్రి కాపలాకు మనుషులు కావాలి, వెళ్ళి అడుగు. నీ లెక్కలు నాకు పంపితే చూసి పెడతాను.

రెండో_ఏడు_జువాలజీ
వచ్చే అమావాస్యకే మొదలుపెడతాను సర్. మా పక్కింటి అన్న మోటారు బోటు మీద వెళ్తాడు, అతడిని తోడు రమ్మంటాను. రాళ్ళ మీద ఉండే జీవుల పేర్లన్నీ అతడికి మా వైపు మాటల్లో తెలుసు.

ఉప్పాడ_వాసి
ఆ పేర్లు కూడా రాసుకో తమ్ముడూ. అవి ఏ పుస్తకంలోనూ దొరకవు.

ఎడిసన్_నివాసి
ఇంతవరకు రాసినవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను, ఆమెకు తెలుగు అర్థమవుతుంది కానీ చదవడం రాదు. విన్నాక ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. దాన్ని మీకే అందిస్తున్నాను. పగడాలు చనిపోతున్నాయని ఎక్కడ చూసినా చదువుతున్నాము. చనిపోతున్నదాన్ని లెక్కించడానికి ఇరవై ఏళ్ళ పిల్లను పంపడం సబబేనా? అది చూసి తను తట్టుకోగలనా అని ఆమె అడుగుతోంది.

నీలిపగడం
ఆమె అడిగిన ఈ ప్రశ్న నేను వెళ్ళేముందు అడగలేదు, అడిగి ఉంటే బాగుండేది.

2014లో ఫ్లోరిడాలో మొదట కనిపించిన ఒక పగడపు తెగులు, జీవకణజాలాన్ని ఊడగొట్టేది, 2023 వసంతంలో బొనైర్ చేరింది. మేము అడుగుపెట్టేసరికి అది దిబ్బ వెంట వ్యాపిస్తోంది. ఆ ఏడాదే సముద్రం అసాధారణంగా వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. పగడం లోపల ఉండి దానికి ఆహారం తయారుచేసి ఇచ్చే సూక్ష్మ శైవలాలు (కంటికి కనిపించనంత చిన్న నాచు) వేడికి బయటకు పోతే రంగు పోతుంది, అలాగే ఎక్కువ కాలం ఉంటే ఆకలితో చస్తుంది. 2024 ఏప్రిల్‌లో దాన్ని ప్రపంచవ్యాప్తంగా జరిగిన నాలుగో తెల్లబారుడుగా ప్రకటించారు. మేము దాని మధ్యలో ఉన్నాము.

నాకు అప్పగించిన చోట, ఎనిమిది మీటర్ల లోతులో, మెదడు ఆకారంలో ముడతలు పడిన పగడం ఒకటి ఉండేది. మా ఇంట్లో బియ్యం డబ్బా అంత ఉంటుంది. సెప్టెంబరు మొదట్లో దాని అంచున చేతి వేలంత తెల్ల మచ్చ కనిపించింది. నాలుగు వారాలు వరుసగా ఫొటో తీశాను. ఐదో వారానికి దాని మీద సన్నని నాచు పట్టింది. ముసుగు లోపల ఏడిస్తే అద్దం మసకబారుతుంది, ఏమీ కనిపించదు. నా బడ్డీ నా మోచేయి పట్టుకొని, పలక నా చేతిలో నుంచి తీసుకొని, మిగిలిన లెక్క తానే రాసింది.

ఆ ఆదివారం ఎవరూ ఇంటి పనుల గురించి మాట్లాడలేదు. పదహారు మందిమి ఒక్కొక్కరు తమ చోట పోయినదాని గురించి చెప్పాము. అధ్యాపకురాలు కూడా చెప్పింది. ఆమె ఇరవై ఏళ్ళుగా చూస్తున్న దిబ్బ అది. పెద్దవాళ్ళు శాస్త్రం గురించి మాట్లాడుతూ కన్నీళ్ళు పెట్టుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ తర్వాత అక్టోబరు మొదటి వారంలో, భాద్రపద పౌర్ణమి దాటిన ఆరో రాత్రి, పగడాలు బీజాలు విడిచే వేళకు దిగాము. దీపాలు ఆర్పి చీకట్లో ఎదురుచూశాము. మా ముందు ఉన్నవాటిలో కొన్నే విడిచాయి, ఆవగింజల కంటే కొంచెం పెద్దగా గులాబీ రంగు పూసలు నెమ్మదిగా పైకి లేచాయి. ఎక్కడ ఎన్నింటికి విడిచాయో నా బడ్డీ, నేనూ విడివిడిగా రాశాము. పైకి వచ్చాక నా అంకె ఆమె అంకెతో కలవలేదు. ఈసారి వెంటనే చెప్పాను.

తట్టుకోగలదా అంటే, ఒక్కతే అయితే నేను తట్టుకునేదాన్ని కాదు.

మన్నార్_డైవర్
తెగులు ఉన్న చోట పనిచేసేవారు ప్రతి డైవ్ తర్వాత సూటు, కాళ్ళకు తొడిగే రెక్కలు, సామగ్రి అంతా క్రిమిసంహారక ద్రవంలో కడగాలి, లేకపోతే మనమే ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తెగులు మోసుకువెళ్తాము. కడగకుండా తప్పించుకునే పిల్లలు నాకు తారసపడ్డారు. మీ అమ్మాయికి ముందే చెప్పండి. ఆ ద్వీపంలో చేతి తొడుగులు వేసుకొని డైవ్ చేయడం నిషేధం అని కూడా చెప్పండి. తొడుగు ఉంటే ధైర్యంగా పగడాన్ని పట్టుకుంటారని ఆ నియమం.

సరస్వతి_డాలస్
నీలిపగడం రాసినది చదివి మా వాడికి ఫోను చేశాను. వాడు ఆ పదమూడు మందితో ఇప్పటికీ మాట్లాడుతున్నాడు. బుధవారాల్లోనే మాట్లాడుకుంటారట. నాకు ఇప్పటివరకు తెలియదు.

గోదారి_గట్టు
మార్కుల విషయంలో నా అభిప్రాయం మారలేదు, కానీ ఆ పాఠ్యాంశం అక్కరలేదని మాత్రం ఇక అనను.

ఎడిసన్_నివాసి
పంపుతున్నాము. నిన్న రాత్రి ముగ్గురం కూర్చొని నిర్ణయించాము. టికెట్టు డైవింగ్ ముగిసిన మూడో రోజుకు తీసుకున్నాము. ఉప్పాడ_వాసి గారి ప్రశ్న ఆమె పుస్తకం మొదటి పేజీలో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులోనే రాసుకుంది. తన నివేదికను పాపియామెంటులోకి మార్పించడానికి ఎంత ఖర్చవుతుందో నన్ను కనుక్కోమంది.

శాస్త్రీయ డైవర్‌గా అర్హత పొందాలంటే నూరు గంటల శిక్షణ, పన్నెండు డైవ్‌లు కావాలట. దానికి ముందు ఈత పరీక్ష ఉంది. 400 గజాలు 12 నిమిషాల లోపు ఈదాలి, పది నిమిషాలు నీళ్ళలో నిలబడి తేలాలి, ఊపిరి బిగబట్టి నీటి కింద 25 గజాలు దాటాలి, చివరగా ఇంకో మనిషిని 25 గజాలు నీళ్ళలో లాక్కెళ్ళాలి. మొదటి మూడూ ఆమె ఒక్కతే సాధన చేస్తోంది. నాలుగోదానికి మనిషి కావాలంది. శనివారం ఉదయం ఏడింటికి ఊరి ఈతకొలనుకు నేను వెళ్తున్నాను.